స్వరాజ్యమ్మ కొడుకు

జనక్‌పురి,
ఆదివారం.

శ్రీవారి పాదాలకు నమస్కారాలు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. లేహ్ డ్యూటీలో ఆ చలి మీ మోకాళ్ళను మరీ బాధపెట్టడం లేదని తలుస్తాను. ఫోన్లో మీ గొంతు వినగానే నాకు మాట పెగలదు. అందుకే వచ్చీరాని రాతైనా ఉత్తరమే రాస్తున్నాను.

మీరు అడిగినవాటికి జవాబు. గ్యాస్ బండ వచ్చింది. బేర్ సరాయ్‌లో మన చైతు ఉండి చదువుకున్న అద్దె గది ఖాళీ చేశాను. వాడి పరీక్ష పుస్తకాలు పక్క గది పిల్లలకే ఇచ్చేశాను. ఆ లావుపాటి ఇంగ్లీషు నవల మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను. "ఎవరిచేతనైనా చదివించుకోరాదా?" అని రాశారు. ఇన్నాళ్ళూ ధైర్యం చాలలేదండీ. ఆదివారం వచ్చినప్పుడల్లా వాడు అది చూస్తూ నాకు తెలుగులో చెప్పేవాడు. డెంగీ జ్వరంతో వాడు పోయేనాటికి కథ సగంలో ఉంది. ఇంకెవరో చదివి ముగిస్తే వాడి గొంతు కూడా ముగిసిపోతుందని నా భయం.

ఆ కథ మీకు తెలియదు. స్వతంత్రం వచ్చిన పొద్దున, జెండా ఎగరేసే వేళకి పుట్టింది స్వరాజ్యమ్మ. దేశానికి ఏం జరిగినా ఆవిడ వంటింట్లో తెలిసిపోతుంది. యుద్ధమొస్తే పాలు తోడుకోవు. కరువొస్తే నిండు బిందెలో నీళ్ళు అడుక్కి పోతాయి. మన రాష్ట్రం రెండైన రోజు ఆవకాయ జాడీ పగలకుండానే రెండు జాడీలైంది. "ముక్కలు ఎందులో ఎక్కువొచ్చాయిరా?" అంటే, "అదేగా అమ్మా, ఇప్పటికీ తేలని గొడవ!" అని నవ్వేవాడు.

పోయిన వారం పై అంతస్తు నేహా వచ్చింది. తెలుగుపిల్లే, మన మాట అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. మనసు గట్టి చేసుకుని పుస్తకం చేతికిచ్చి, "జాడీ తర్వాత ఏమైందో చూడమ్మా" అన్నాను. ముందుకీ వెనక్కీ తిప్పింది.

"ఆంటీ, జాడీ కహా హై? యే తో కిసీ ఆద్మీ కీ కహానీ హై!"

జాడీ ఎక్కడా లేదట. అందులో దేశంతోపాటు పుట్టినవాడు మగాయనట. వంటింట్లో అడుగే పెట్టడట. స్వరాజ్యమ్మ ఊసే లేదు. అదంతా నా కొడుకు నా కోసం అల్లిందేనండీ! ఏడుస్తాననుకుని ఆ పిల్ల మంచినీళ్ళు తెచ్చింది. నాకేమో నవ్వు ఆగలేదు. ఐదో క్లాసు చదివిన అమ్మని ఎంత ముద్దుగా మోసం చేశాడో చూశారా!

ఇక అసలు సంగతి. మీరేమంటారోనని ఇంతసేపూ రాయలేదు. మిగతా కథ ఇప్పుడు నేనే నేహాకి చెబుతున్నాను. స్వరాజ్యమ్మకి ఒక కొడుకుని ఇచ్చాను. మొన్న వాడికి మన చైతుకి వచ్చిన జ్వరమే వచ్చింది. నేహా నా చెయ్యి పట్టుకుని, "బస్, ఆంటీ, ఆగే మత్ బోలో" అంది. ఇక చెప్పొద్దన్నా నేను ఆపలేదు. తెల్లారేసరికి వాడికి చెమట పట్టి జ్వరం దిగింది. లేచి కూర్చుని చారన్నం అడిగాడు.

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, "ఉస్ దిన్ దేశ్ మే క్యా హువా?" అంది.

"ఆ రోజు దేశంలో ఏ ఆసుపత్రి వరండాలోనూ ఏ తల్లీ కూర్చోలేదు" అన్నాను.

చెప్పాక ఆకలేసింది. చాలా రోజులకి కడుపునిండా తిన్నాను. ఇది తప్పని మీకు తోస్తే రాయండి. ఆపేస్తానని మాత్రం మాటివ్వలేను.

చెవులకు మఫ్లరు కట్టుకోండి.

ఇట్లు,
చైతు వాళ్ళమ్మ