మూడో వరుసలో వంకర

పెద్దత్తయ్యా,

నీ బొంత ఫోటోలు చూపించి కంప్యూటర్ చేత బొమ్మలు గీయిస్తున్నానని చెప్పాను కదా. వాటి గురించి వారం వారం పత్రికలో రాస్తున్నాను కూడా. మూడో వరుస కుట్టు వంకరగా కనిపిస్తే, అది మన ఇంటి ఆడవాళ్లు కావాలనే వదిలిన కళారహస్యమని పోయిన వారం రాసేశాను. వంద బొమ్మల్లోనూ ఆ వంకర పెట్టించాను. జనం నోళ్లు వెళ్లబెట్టారు.

నిన్న ఫోన్‌లో నువ్వేమో, "ఓరి వెధవా, అది నా కళ్లజోడు విరిగిన వారం కుట్టిందిరా!" అన్నావు.

ఆదివారం ఈ బొమ్మలతో ప్రదర్శన పెడుతున్నారు, అందులో నువ్వే మాట్లాడాలట. నా పరువు నీ చేతిలో ఉంది. ఎవరేం అడిగినా నవ్వి ఊరుకో. కళ్లజోడు మాత్రం ఇంట్లోనే వదిలి రా. పెట్టుకొచ్చావంటే, వంద బొమ్మలూ విప్పి మళ్లీ కుడతానని కూర్చుంటావు.

నీ మేనల్లుడు