నాంచారమ్మత్త పెట్ట కింద

గిలకలదిండి

అక్కా, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, కంగారుపడకు. ఫోనులో చెప్పడానికి నోరు రాక కార్డు రాస్తున్నాను.

గుడివాడలో కొన్న కోడిపిల్లలు పోయిన వారం వానలో కనబడలేదు. పక్కింటి నాంచారమ్మత్త పిల్లి తినేసిందనుకుని, వీధిలో అందరూ వింటుండగా ఆవిణ్ణి నానా మాటలూ అన్నాను. సిగ్గు లేదా అని కూడా అడిగాను. ఆవిడ నన్ను పెరట్లోకి తీసుకెళ్లి గంప ఎత్తింది. పొదుగుతున్న పెట్ట రెక్కల కింద నా పిల్లలన్నీ వెచ్చగా ఉన్నాయి.

"వానకి వణికిపోతుంటే దీని కింద పెట్టానే. నువ్వు చేపలమ్ముకుని వచ్చాక చెబుదామనుకున్నా," అంది.

తల కొట్టేసినట్టయింది. క్షమించమని అడుగుదామని ఎన్నిసార్లు బయల్దేరినా వాళ్ల గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తున్నాను. ఆవిడ మాత్రం వాటికి రోజూ నూకలు వేస్తూనే ఉంది.

బావగారి దగ్గు తగ్గిందా? పెడన నుంచి వచ్చేటప్పుడు పాత దుప్పటి ఉంటే తీసుకురా. అమ్మకి ఈ సంగతి చెప్పకు.

నువ్వు తోడొస్తే వాళ్లింటికి వెళ్దామని రాయబోయాను. ఇంతలో ఆవిడే గోడ అవతల నుంచి, "పిల్లల్ని అప్పుడే తీసుకెళ్లకే తులసీ, ఈకలు రానీ," అంది. సరేనన్నాను గానీ తలెత్తలేకపోయాను. నీకోసం ఆగనులే అక్కా. ఈ కార్డు డబ్బాలో వేసి, అట్నుంచి అటే వాళ్లింటికి వెళ్తాను.

పిల్లలిద్దరికీ నా దీవెనలు.

నీ చెల్లెలు,
తులసి