చిమ్మెటకు కూత లేదు

జనవరి 8, గురువారం, ఉదయం 6

గోడ మీద పాకే పురుగు పేరు నీకు తెలుసా? పేరు తెలియకుండానే దాని మీద చెప్పెత్తేవాడివి, మనిషి మీద వేలెత్తే ముందు ఎంతసేపు ఆగుతావు?

నన్ను నేనే అడుగుతున్నాను. ఈ నోటుబుక్కు ఇంకెవరూ చదవరు.

పోయిన ఆదివారం మా చర్చిలో పాటలు పాడే క్వయర్ వాళ్ల ఉన్ని కోట్లు ఎనిమిదింటికీ చిల్లులు కనపడ్డాయి. అప్పుడే ఇస్త్రీ నుంచి వచ్చాయి. నేను వేదిక ఎక్కి, చేతిలో నిప్పు పెట్టుకుని పరధ్యానంగా ఉండేవాళ్ల గురించి ముప్పావుగంట ఉరిమాను. పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. హాలంతా వెనక్కి తిరిగి, చివరి బెంచీలో కూర్చున్న ఇస్త్రీ చెల్లెమ్మను చూసింది.

ఆ మర్నాటి నుంచే మా వాళ్లు ఒక్కొక్కరూ ఆమెకు బట్టలు వేయడం మానేశారట. వాళ్ల బట్టలే ఆమె బతుకు.

అదే రోజు, మధ్యాహ్నం

ఆమె వచ్చింది. ఏడవలేదు. కోటు టేబుల్ మీద పరిచి, చిల్లు అంచు మీద నా వేలు పెట్టించింది.

"అన్నయ్యా, ఇస్త్రీపెట్టె కాలిస్తే అంచు ఎర్రబడి గట్టిపడుతుంది. ఇది మెత్తగా ఉంది చూడండి. కాలింది కాదు, కొరికింది. వాక్యం మీకు తెలుసు. బట్ట నాకు తెలుసు."

కోట్లన్నీ నా దగ్గరే ఉంచమన్నాను.

జనవరి 9, శుక్రవారం

ఎనిమిది కోట్లూ టార్చి వేసి చూశాను. చిల్లులన్నీ కాలరు కింద, చంకల దగ్గర, మడతల లోపల. ఇస్త్రీపెట్టె ముక్కు కూడా దూరని చోట.

జనవరి 11, ఆదివారం

బోధించలేదు. గొంతు బాగాలేదన్నాను. అబద్ధం.

జనవరి 13, మంగళవారం, ఉదయం 11

పట్టుకున్నాను.

ట్రంకు పెట్టె వెనక గోడ మీద బూడిదరంగు గుల్ల. దోసగింజంత ఉంటుంది, అంతే బల్లపరుపుగా. ఇన్నేళ్లూ సున్నం పెచ్చు అనుకున్నాను. అది నడుస్తోంది! ఒక కొసన తల బయటపెట్టి ఇంటిని ఈడ్చుకుపోతోంది. పుల్ల అడ్డం పెడితే లోపలే తిరిగి రెండో కొసన తల పెట్టింది. రెండు వాకిళ్ల కొంప. అలాంటి మనుషులు నాకు తెలుసు. ఒకడికి రోజూ అద్దం ముందు గడ్డం గీస్తాను.

ట్రంకు తెరిచాను. నా నల్ల కోటు మీద ఇరవై గుల్లలు. ఏదో గొప్ప రోజున వేసుకుందామని దాచుకున్న కోటు. కాలరు సగం లేదు. క్వయర్ కోట్లు ఏడాది పొడుగునా ఉండేది దాని కిందే. నా ట్రంకులోనే.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి తొంగి చూసింది. ఎండలో వేయమని ఎన్నేళ్లు మొత్తుకున్నానండీ అంది. అది కోటు కాదు, పురుగుల సత్రం అంది.

కోపం వచ్చి, మూలనున్న సాలీడు మీదికి చీపురెత్తాను. పొడుగు కాళ్లది, బక్కది. దాని గూడు నిండా చిన్న బూడిదరంగు రెక్కలు. గుల్లలో పెరిగేది, రెక్కలొచ్చి ఎగిరేది ఒకటే పురుగు. నాకంటే ముందు సాలీడే దాన్ని ఆనవాలు కట్టింది.

చీపురు దించాను. సాక్షిని కొట్టకూడదు.

జనవరి 14, బుధవారం

నిఘంటువు తీశాను. చిమ్మెట అన్న మాటకు రెండర్థాలు. ఒకటి కీచురాయి. రెండోది ఉన్నిని కొట్టే రెక్కల పురుగు. పరిశుద్ధ గ్రంథంలో బట్టలు తినే చిమ్మెట ఇదే.

వాక్యం ఎవరి దగ్గరా చదువుకోలేదని గర్వంగా చెప్పుకునేవాణ్ని. పదిహేడేళ్లు మొదటి అర్థమే బోధించాను. వేదిక మీద కీచుకీచుమని కూసి చూపించాను. పిల్లలు నవ్వేవారు, పెద్దలు ఆమెన్ అనేవారు. కూసే పురుగు కోసం చెవులు రిక్కించి, కూయని పురుగును పెట్టెలో మేపాను.

జనవరి 15, గురువారం

జామ్ సీసాలో గుల్లను వేసుకుని సంఘపెద్ద దగ్గరికి వెళ్లాను. రిటైరైన హెడ్మాస్టరు, చప్పున అర్థం చేసుకున్నాడు. చెల్లెమ్మకు బట్టలు మెల్లగా మళ్లీ వేయిద్దాం, ఈ పురుగుల సంగతి మాత్రం వేదిక మీద ఎత్తొద్దు, జనం నవ్వుతారు, వేదిక పరువేం కాను అన్నాడు. మొండికేస్తే ఆదివారం హాలు తెరిచేది లేదన్నాడు.

"వేదిక మీద పూసిన మసి వేదిక మీదే కడగాలి మాస్టారూ," అన్నాను. "వంటింట్లో కాదు."

జనవరి 17, శనివారం

కోట్లన్నీ ఎండలో వేశాం. చెల్లెమ్మ వచ్చి మడత మడతా దులిపింది. తడిబట్ట పరిచి దాని మీదుగా వేడి ఇస్త్రీపెట్టె నడిపింది, గుడ్లు కూడా చావాలట. నేను శపించిన నిప్పే మందు.

జనవరి 18, ఆదివారం, ఉదయం 8.40

హాలుకు తాళం. మంచిదే. మెట్ల మీంచి గొంతు ఇంకా దూరం పోతుంది.

జనం వస్తున్నారు. చెల్లెమ్మ వచ్చి కింది మెట్టు మీద కూర్చుంది. సీసా నా చేతిలో ఉంది. ముందు నా తప్పు చెబుతాను, తర్వాత పురుగును చూపిస్తాను. ఆ తర్వాత ఒకటే మాట. ఇళ్లకు పోయి మీ పెట్టెలు తెరవండి. మీ బట్టలు ఆమె బల్ల మీదికి తెండి. రేపు కాదు. ఈరోజే, ఎండ ఉండగానే.