తల్లిబావి, ఒకటో నంబరు గుంత

జువైనక్కా,

ఇది వాదించడానికి రాస్తున్న ఉత్తరం కాదు. మూడేళ్లుగా మన మధ్య మాటలు లేకపోవడానికి నా వాదనలే కారణమని నాకు తెలుసు.

మన వాగులో కంకర తవ్వుతున్న కంపెనీ చేత పర్యావరణ ప్రణాళిక రాయించాలని ఏడాదిపాటు పోట్లాడాను. "ప్రతి గుంతనూ పూడ్చి తీరాలి" అన్న షరతు నాదే. ఒప్పుకున్నారు. గెలిచాననుకున్నాను. పోయిన వారం పటం చూపించారు. పూడ్చే గుంతల్లో ఒకటో నంబరు, మన ఫలజ్ కాలువకు నీళ్లిచ్చే తల్లిబావి! పైనుంచి వచ్చిన ఇంజనీరుకు తెలియదు సరే, ఆ నీళ్లు తాగి పెరిగిన ఊరికి తెలియదా?

ఊరివాళ్లు కాఫీకి కూడిన చోట అడిగితే మన ఊరి హమూద్ నవ్వాడు. "గుంతలు పూడ్చమని గొంతు చించుకున్నది నువ్వే కదా ఉస్తాద్! పూడుస్తున్నారు, ఇంకేం కావాలి? నీళ్లకు ట్యాంకర్ వస్తోంది, మావాడికి అక్కడే ఉద్యోగం వచ్చింది. మళ్లీ చెడగొట్టకు."

అందరూ నవ్వారు. ఖర్జూరాల పళ్లెం నా దాకా రాలేదు.

అభ్యంతరం చెప్పాలంటే ఫలజ్ నీళ్లలో వంతున్నవాళ్లు ఇద్దరు సంతకం పెట్టాలి. ఊళ్లో రెండో చెయ్యి దొరకలేదు. అమ్మ తన అరగంట నీటి వంతును మనిద్దరికీ చెరి పావుగంట పంచింది కదా, నీ పావుగంట ఇంకా నీదే. గురువారం విచారణ.

నా మాట నమ్మి సంతకం పెట్టవద్దు. ముందు ఊరికి వచ్చి, బావి మీదికి వంగి, చిన్నప్పటిలా నీ పేరు పిలిచి చూడు. నీళ్లు ఇంకా బదులిస్తాయి. నేను రోజూ వెళ్లి నా పేరు పిలుచుకుంటున్నాను. ఈ ఊళ్లో నన్ను ఇప్పుడు పేరుపెట్టి పిలిచేది ఆ బావి ఒక్కటే.

నీ తమ్ముడు