టికెట్టు వాడొక్కడికే

ఆదివారం రాత్రి. కోపం చల్లారకముందే రాసిపెట్టుకుంటే రేపు మెత్తబడను.

సాగర్ డ్యాం ప్రయాణం కుదిర్చింది నేను. మనవరాలికి పడవ, కోడలికి మ్యూజియం, కాజీపల్లి ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టులు చేసే కొడుక్కి చెట్టు కింద నిద్ర. నేను రాసిన కాగితం చూసి వాడన్నాడు: "మస్తుగుంది. నువ్వు ఇంటికాడ ఉండమ్మా, ఖర్చు జెర తగ్గుతది."

"ఆర్టీసీ బస్సుల ఆడోళ్లకు ఉచితం గదరా! టికెట్టు నీకొక్కనికే. ఖర్చు తగ్గాలంటే ఇంటికాడ ఎవలుండాలె?"

కోడలు నవ్వు ఆపుకుంటూ వంటింట్లోకి పోయింది.

వాడి అసలు భయం నా మోకాళ్ల గురించేనని తెలుసు. నాకూ ఉంది ఆ భయం. కానీ నాకేం ఇష్టమో ఎవరూ అడగలేదు. నాకూ పడవే ఇష్టం.

ఇక జరగాల్సినవి:
1. రేపటి నుంచి రోజూ మేడమెట్లు ఎక్కి దిగాలి.
2. బస్సులో చూపించడానికి ఆధార్ కార్డు నా సంచిలోనే ఉండాలి.
3. పడవలో ముందు సీటు నాది. మనవరాలు పక్కన కూర్చోవచ్చు.