సరోజ పేరున ఇచ్చిన చీర

కాజీపేట,
ఆదివారం సాయంత్రం.

అవ్వకూ నాయినకూ మీ పెద్దబిడ్డ స్వరూప దండాలు. మీ ఒంట్లో ఎట్లా ఉంది? నాయిన మోకాలి నొప్పి తగ్గిందా? నారు పోశారా? నా గురించి ఫికర్ చేయకండి, బాగున్నాను, వేళకు తింటున్నాను. పోస్టన్నా, చదివిపెట్టేది నువ్వే కాబట్టి నీకూ దండాలు. ఈసారి ఉత్తరం పెద్దది, ముందు చాయ్ తాగు. అవ్వా నాయినా ఇద్దరే ఉన్నప్పుడు చదువు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. అత్త వాళ్ల రైల్వే క్వార్టరు ఒక మూల కారుతోంది, కింద బిందె పెట్టి పడుకుంటున్నాం. అత్త నన్ను కన్నబిడ్డలా చూసుకుంటుంది. రేషన్ బియ్యం అన్నం నాకు ఎక్కడం లేదని జొన్నపిండి తెప్పించి రొట్టె చేసింది. నీ చేతి రొట్టెలా లేదవ్వా, కానీ ఆ మాట ఆమెతో అనలేదు. పొద్దున బస్సెక్కి వరంగల్ పోతాను, దుకాణం మూశాక మళ్లీ బస్సు. అమ్మవారి గుడి ముందు దుకాణం కదా, కొబ్బరికాయలు, పసుపు, కుంకుమ, రవికె గుడ్డలు, చీరలు అమ్ముతాం. శుక్రవారం కాళ్లు పీకుతాయి కానీ పని కష్టం కాదు. పనిలో ఉన్నంతసేపు ఏమీ అనిపించదు. బస్సులో కూర్చున్నప్పుడే చెల్లె సరోజ గుర్తొస్తుంది. పక్క సీట్లో జడలేసుకున్న పిల్ల కూర్చుంటే కిటికీ వైపు తిరిగిపోతాను.

ఇక చీర సంగతి రాస్తాను. సరోజ సంవత్సరికానికి ఊరికి వచ్చిన మామతో నువ్వు చీర పంపావు. చెప్పమన్న మాటా మామ చెప్పాడు. "పిల్లకు జొరమచ్చినప్పుడు అమ్మకు చీరె మొక్కిన. కొని పెట్టెల వెట్టిన గని కోతలల్ల పడి ఇయ్యలే. గందుకే అమ్మ నా పిల్లను తీస్కపోయింది. మైల ఎల్లింది, ఇప్పుడన్న ఇయ్యమను." ఇంతే చెప్పి తల దించుకున్నాడు. నువ్వు అన్నం సరిగ్గా తినడం లేదని కూడా చెప్పాడు. 

పోయిన వారం శుక్రవారం తలస్నానం చేసి, దుకాణం తెరవకముందే గుడికి పోయాను. ఆకుపచ్చ చీర, ఎర్రంచు, కొంగు చివర నువ్వు పెట్టిన పసుపు. అన్నీ నువ్వు చెప్పినట్టే చేశాను. పూజారి పేరడిగాడు. సరోజ అన్నాను. "పిల్లను తీసుకురాలేదా అమ్మా?" అన్నాడు. మంచిగైన పిల్లల పేరునే ఇట్లాంటి చీరలు వస్తాయి, ఆయన తప్పేం లేదు. నేను తల అడ్డంగా ఊపాను. చీరను అమ్మవారి పాదాలకు తాకించి పక్కన పెట్టి నాకు కుంకుమ ఇచ్చాడు. బయటికొచ్చి మెట్ల మీద కాసేపు కూర్చున్నాను.

అవ్వా, ఇక్కడి పద్ధతి ఒకటి నీకు తెలియదు. అమ్మవారికి ఇచ్చిన చీరలు, రవికె గుడ్డలు రెండు మూడు రోజులకు మూటగట్టి మా దుకాణానికే పంపుతారు. సేటు కొని, మడతలు సరిచేసి, కొత్తవాటితో కలిపి మళ్లీ అమ్ముతాడు. మొదట్లో నేను తెల్లబోయి చూస్తే నవ్వాడు.

"ఏంది బిడ్డా గట్ల చూత్తానవ్? అమ్మ ఒక్కతి, చీరెలు గిన్ని. కట్టుకుంటదా ఏంది? గుడిల దీపానికి నూనె ఏడికెళ్లి వస్తదనుకున్నవ్? గీ చీరెలకెళ్లే!"

సోమవారం వచ్చిన మూటలో సరోజ చీర ఉంది. కొంగు పసుపు చూసి గుర్తుపట్టాను. అది మా ఇంటిదనీ, అమ్మొద్దనీ సేటుతో అన్నాను.

"అమ్మకు ఇచ్చినవా, లేదా?" అన్నాడు.

"ఇచ్చిన."

"ఇచ్చినంక ఎన్కకు జూసుడేంది? కావాల్నంటే కొనుక్కో, నీ కాడ లాభం తీసుకోను."

కొని ఏం చేయాలి? మళ్లీ అమ్మవారికిస్తే మళ్లీ ఇక్కడికే వస్తుంది. మీకు పంపితే నువ్వేమైపోతావు? ఆలోచిస్తూనే ఉన్నాను, మరిపెడ దిక్కు నుంచి ఒకామె వచ్చింది. చెప్పుల నిండా బురద. బిడ్డ పెద్ద దవాఖానలో ఉందట, జ్వరం దిగడం లేదట, అమ్మవారికి పచ్చ చీర కావాలంది. సేటు చేయి తిన్నగా ఆ చీర మీదికే పోయింది. "గిది చూడమ్మా, కొత్త మాల్" అన్నాడు.

నాకు నోరు ఆగలేదు. "అక్కా, అది కొత్తది కాదు. అమ్మవారికి ఒకసారి ఇచ్చిందే" అన్నాను.

సేటు నా వైపు చూసిన చూపు చెప్పలేను. ఆమె చీర చేతిలోకి తీసుకుని, "ఎవరిచ్చిన్రు?" అంది.

"మా అవ్వ. మా చెల్లె కోసం."

"చెల్లె మంచిగైందా?"

అవునని ఒక్క అబద్ధం చెబితే ఆమె ధైర్యంగా పోయేది. చెప్పలేకపోయాను. "లేదక్కా. పోయింది" అన్నాను.

ఆమె చీరను గబుక్కున బల్ల మీద పెట్టేసింది. ఆమె తల్లి కదా, తప్పు పట్టలేం.  తర్వాత అడిగింది, "పిల్ల పోయినంక ఇచ్చిందా మీ అవ్వ?"

"ఆఁ. ఏడాది అయినంక."

"అంటే ఏం ఆశ లేకున్నా ఇచ్చింది" అంది. తనలో తాను అనుకున్నట్టు అంది. చీరను మళ్లీ దగ్గరికి తీసుకుంది. "నాకు గిదే ఇయ్యి. అమ్మకు గాదు, నా బిడ్డకు కప్పుత. అమ్మ కాళ్లకాడికెళ్లి వచ్చింది గద. దవాఖాన దుప్పటి జర గరుకుంటది."

సేటు డబ్బులు తీసుకున్నాడు. వద్దంటాడేమోనని చూశాను, తీసుకున్నాడు. ఆమె పోయాక, "రేపటి సంది చీరెల దిక్కు కూసోకు తల్లీ. కొబ్బరికాయల కాడ కూసో. అవి మాట్లాడయి, నువ్వు మాట్లాడకు" అన్నాడు. పని మాత్రం తీసేయలేదు, భయపడకండి.

అవ్వా, ఈ దుకాణంలో కూర్చుని నాకు తెలిసిందొకటి నీకు చెప్పాలి. ఇక్కడ సొమ్ము పెడితేనే సరుకు. అయినా మా సేటు కూడా ముసలివాళ్ల దగ్గర చిల్లర తక్కువైతే పోనీలే అంటాడు, ఆలస్యంగా వచ్చారని ఎవరినీ కసురుకోడు. మన అమ్మవారు మా సేటు కన్నా తక్కువదా? చీర రాలేదని పిల్లను పట్టుకుపోయే తల్లి ఉంటుందా? సరోజ జ్వరంతో పోయింది. నీ వల్ల పోలేదు. నేను నాలుగక్షరాలు చదివానని చెబుతున్న మాట కాదిది, నీ బిడ్డగా చెబుతున్నాను. అన్నం తినవ్వా.

ఈ పొద్దు దుకాణానికి సెలవు. చీర కొన్నామె బిడ్డను చూద్దామని దవాఖానకు పోయాను. ఆ పిల్ల పేరు రాధ. సరోజ ఈడుదే. చీర గొంతు దాకా కప్పుకుని నిద్రపోతోంది. జ్వరం ఇంకా అట్లాగే ఉంది. డాక్టరు ఏమీ చెప్పడం లేదట. వాళ్ల అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సగం అరటిపండు ఇచ్చింది. 

ఈసారి వచ్చేవాళ్లతో కొంచెం చింతపండు పంపండి, అత్తకు ఇష్టం. చిన్నాయినకూ పెద్దమ్మకూ నా దండాలు చెప్పండి. మీరిద్దరూ నన్ను మనసారా దీవించండి.

అవ్వా, ఒక్కటి అడుగుతాను, కాదనకు. రాధ కోసం అమ్మవారికి ఒకసారి చేతులెత్తు. ఏమీ మొక్కకు. ఏదీ ఇస్తానని చెప్పకు. ఉత్త చేతులే ఎత్తు.

మీ బిడ్డ
స్వరూప