మూడో తరగతి హాజరు పట్టీ

మునిర్కా, ఢిల్లీ
12-1-95

నాన్నగారికి వందనాలు. నా దగ్గు తగ్గింది, కంగారుపడకండి.

నా థీసిస్ ఇంగ్లండులో ఓ చిన్న ఊరి బడుల చరిత్ర మీదని తెలుసుగా. నిన్న లైబ్రరీలో నూరేళ్ల కిందటి హెడ్మాస్టరు రాసుకున్న బడి డైరీ చదివాను. "ఈ ఉదయం నా చిన్న కూతురు పోయింది. పాఠాలు మామూలుగా జరిగాయి" అని ఉంది. ఆపైన ఒక్క పేజీ తిప్పలేకపోయాను. పక్క సీటు అమ్మాయి "క్యా హువా దీదీ, ఘర్ మే సబ్ ఠీక్?" అని, ఏమైంది, ఇంట్లో అంతా క్షేమమేనా అని అడిగితే ఊరికే తలూపాను.

మన మిషన్ బడి మూసేస్తున్నారనీ, పాత రిజిస్టర్లు తూకానికి వేస్తారనీ అమ్మ రాసింది. డెబ్భై తొమ్మిది నాటి మూడో తరగతిది మాత్రం ఎలాగైనా అడిగి ఇంటికి తెచ్చుకోండి. చెల్లి రూతు పోయాక కూడా మీరు దాని పేరు కొట్టేయలేదు. ఏడాది చివరిదాకా రోజూ పిలిచి, కాసేపు ఆగి, ఆబ్సెంటు వేసేవారు.

అమ్మ కంట్లో చుక్కలు వేసుకుంటోందా? వంటింటి కప్పు బాగుచేయించారా? ప్రార్థనలో నన్ను తలుచుకోండి.

నేను అదే గదిలో నాలుగో తరగతి వరసలో ఉండేదాన్ని నాన్నా. మీరు ఆగినప్పుడల్లా "ప్రజెంట్ సార్" అని నా నోటిదాకా వచ్చేది.

మీ సెలీన